పేరు అడగాలె

దేవరకొండ దవాఖాన, ఆడోళ్ల వార్డు.
రాత్రి పదిన్నర.
ఫ్యాను మూడు రెక్కల్లో ఒక రెక్క
ఏదో యాదికొచ్చినట్టు టిక్కు టిక్కుమంటది.
పదకొండో మంచం మీద బుచ్చమ్మ.
పద్నాలుగో మంచం మీద బుచ్చమ్మ.
ఒకామెకు షుగరు. ఇంకొకామెకు లేదు.
ఇద్దరి చేతిపట్టీల మీద సిరా చెమటకు కరిగి
పాత గోడ మీద ఎలక్షన్ రాత లెక్క
ఒక్క 'బు' మిగిలింది.

కొత్తగొచ్చిన అనూష, నేరేడుగొమ్ము దిక్కు తండా పిల్ల,
సూది ట్రే పట్టుకొని సిస్టరమ్మ ముంగట నడుస్తున్నది.
సిస్టరమ్మ చెవుల ఫోను, ఫోన్ల డాక్టరు.
"నువ్వే గదా బుచ్చమ్మవు?" అన్నది పిల్ల.
"ఆఁ" అన్నది బుచ్చమ్మ.
ఎందుకనదు?
రేషన్ షాపు కాడ, బ్యాంకు కాడ, పింఛన్ లైన్ల
ఎవరేమడిగినా ఆఁ అనుకుంటనే
అరవై ఏండ్లు ఎల్లదీసిన మనిషి.
"నువ్వు రాములమ్మవా" అన్నా ఆఁ అనేది.

నేనాపిన.
పిల్లా, పేరు మనం చెప్పొద్దు.
వాళ్ల నోట్లెకెల్లి రావాలె.
ఒక్క పేరు సాలదు, ఇంకోటి అడగాలె:
"అవ్వా, నీ ఇంటాయన పేరేంది?"

అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.
జరంల సుత సిగ్గు.
"గుట్ట మీదుంటడు గదా... సింహం మొకం దేవుడు."
పద్నాలుగు కాడికి వోయిన.
ఆమె పండుకునే చెయ్యి లేపి
శ్రీశైలం రోడ్డు దిక్కు చూపెట్టింది.
"ఆడ కొండ మీద... లింగమై కూసున్నాయన."
సిస్టరమ్మ ఫోను పెట్టేసి కేస్ షీట్ తిప్పింది.
భర్త: మల్లయ్య. షుగరు: ఉన్నది.
సూది మూడు మంచాల దూరం జరిగింది.
మూడు మంచాలే.

నాకిది పుస్తకంల రాలే.
నాలుగేండ్ల కింద మర్రిగూడ నుంచి ఒక తాత.
ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి
నడుము కొడవలైన మనిషి. మెడ తిరగదు.
పక్కకు మళ్లించాలంటే మొద్దును దొర్లించినట్టు
మనిషినంత ఒక్కసారే మళ్లించాలె, ఇద్దరు గావాలె.
ఆ రాత్రి ఒక్కదాన్నే మళ్లించిన.
దుప్పటి కోసం నాలుగడుగులు వోయిన.
మంచం కమ్మి ఎత్తలేదు.

చప్పుడు పెద్దగ రాలే.
మాగిన సీతాఫలం రాలినంత.

లేపబోయిన. ప్రిస్కిల్లా సిస్టర్ వరండా నుంచే అరిచింది:
"కదిలియ్యకు! మెడ కదలనియ్యకు, పిలువు,
పలుకుతుండా? ఊపిరి జూడు!"
తాత పలికిండు. కింది నుంచే నన్ను సముదాయించిండు:
"ఏడ్వకు బిడ్డా,
వంగిన కొమ్మ, ఎప్పటికైనా ఇరిగేదే."
తుంటి ఇరిగింది.
పొద్దుగాల రిజిస్టర్ల నేనే రాసిన,
కమ్మి ఎత్తుడు మరిచింది నేనని.
సంతకం కాడ చెయ్యి వణికి
నా పేరే తప్పు రాసుకున్న.

ఇప్పుడు ఇంట్ల బిందె ఒలికినా
అర్ధరాత్రి లేచి తుడుస్త.
నా కొడుకు నవ్వుతడు, ఈడ పేషెంట్లెవరే అమ్మా అని.
నవ్వనీ.

తెల్లారుజాము నాలుగు.
పదకొండో మంచం బుచ్చమ్మ మెలకువతోనే ఉన్నది.
"అందర్ని అడుగుతవు, నీ పేరేంది బిడ్డా?"
"చంద్రకళ."
"ఒక్క పేరు సాలదంటివి గద. నీ ఇంటాయన పేరు?"

నేను కిటికి దిక్కు జూసిన.
బస్టాండుల మొదటి బస్సు ఇంజను
దగ్గుకుంట దగ్గుకుంట అందుకుంటున్నది.
అవ్వ మల్ల అడగలే.
నా చెయ్యి పట్టుకున్నది, నాడి జూసినట్టు, మణికట్టు కాడ.
పట్టీ లేని చెయ్యి.
కొంచెం సేపైనంక
"పో, పని జూస్కోపో" అన్నది.

కమ్మి పైకి గుంజిన.
టక్కుమన్నదాక ఆగి
ఇంకోపారి ఊపి చూసిన.